తీగ తెగినా సబ్‌స్టేషన్‌లో కరెంటు ఉంది: మెదడు చిప్, రాయలసీమ మంచం

వెన్నుపూస విరిగి మంచాన పడ్డ మనిషి రాయలసీమ పల్లెలకు కొత్త కాదు. చింతకాయలు దులపడానికి చెట్టెక్కి జారినవాడు కావచ్చు, బేతంచర్ల వైపు నాపరాతి గనిలో బండ మీద పడ్డవాడు కావచ్చు, 44వ నంబరు జాతీయ రహదారి మీద చీకట్లో ఆగి ఉన్న లారీని బైకుతో గుద్దినవాడు కావచ్చు. కర్నూలు పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబడుతుంది. దెబ్బ మెడ దగ్గర గట్టిగా తగిలి ఉంటే కాళ్లూ చేతులూ మాత్రం తిరిగి రావు. ఇంటికి తెచ్చి వసారాలో మంచం వేస్తారు. ఇక ఎన్నేళ్లు బతికితే అన్నేళ్లూ అదే మంచం.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ మనిషి మెదడులో చెయ్యి కదిపే భాగం చచ్చిపోలేదు. దెబ్బ తగిలి ఏళ్లు గడిచినా, గ్లాసు అందుకోవాలని అతను ప్రయత్నించిన ప్రతిసారీ అక్కడి నరకణాలు మునుపటిలాగే చిటపటలాడతాయి. బోరు కింద సేద్యం చేసేవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. సబ్‌స్టేషన్‌లో కరెంటు ఉంది, పొలంలో మోటారూ బాగానే ఉంది. మధ్యలో స్తంభం పడిపోయి తీగ తెగింది, అంతే. జనం మెదడు చిప్ అంటున్న పరికరం తెగిన ఆ తీగను అతికించదు. సబ్‌స్టేషన్ దగ్గరే ఇంకో తీగ తగిలించి, ఆ ఆజ్ఞను కంప్యూటర్‌కో, సెల్‌ఫోన్‌కో, మరచేతికో మళ్లిస్తుంది.

తగిలించడమే కష్టం. ఒక నరకణం ఇచ్చే సంకేతం సెకనులో వెయ్యో వంతు కాలం ఉంటుంది, వోల్టులో లక్షో వంతు, పదివేలో వంతు బలం ఉంటుంది. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లోనే మనిషి తల మీద లోహపు బిళ్లలు పెట్టి మెదడు కరెంటును నమోదు చేశాడు. మూర్ఛ వచ్చినవాళ్లకు నేటికీ తీసే ఈఈజీ అదే. కానీ పుర్రె ఎముక, చర్మం దాటి వచ్చేసరికి లక్షలాది కణాల సందడి ఒకటే హోరుగా కలిసిపోతుంది. మనిషి నిద్రలో ఉన్నాడా, మూర్ఛలో ఉన్నాడా అన్నది ఆ హోరులో తెలుస్తుంది గానీ, చిటికెన వేలు ఎటు వంచాలనుకున్నాడో తెలియదు.

లోపలికి వెళ్తే ఏం తెలుస్తుందన్నదానికి దసరా రాత్రి దేవరగట్టు మంచి ఉదాహరణ. హొళగుంద మండలంలోని ఆ గుట్ట మీద మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడే బన్ని ఉత్సవం గురించి వినని వాళ్లు కర్నూలు జిల్లాలో ఉండరు. దూరంగా నిలబడితే కేకలు, కాగడాల వెలుగు తప్ప ఏమీ తేలదు. గుంపులోకి దూరి, విగ్రహాల దగ్గర ఉన్న ఓ వంద మంది భుజాలను గమనిస్తే? ఒకడు తూర్పుకు తోస్తాడు, ఇంకొకడు అటూ ఇటూ కాకుండా ఊగుతాడు, మరొకడు పడమటికి లాగుతాడు. ఏ ఒక్కడినీ నమ్మలేం. వందమంది తోపులనూ కూడితే మాత్రం విగ్రహం మరుక్షణం ఎటు కదులుతుందో ముందే చెప్పేయవచ్చు. 1980లలో అపోస్తలోస్ జార్జోపౌలోస్ కోతుల మెదడులో కనిపెట్టింది అచ్చంగా ఇదే. చేతిని కదిలించే భాగంలో ప్రతి కణానికీ ఒక ఇష్టమైన దిక్కు ఉంటుంది. చెయ్యి అటు కదిలేటప్పుడు అది ఎక్కువగా మోగుతుంది, పక్కకు పోయేకొద్దీ తగ్గుతుంది. అన్నిటి ఓట్లూ కలిపి లెక్కిస్తే చెయ్యి వెళ్లే దారి వస్తుంది.

ఆ వందమంది మధ్యకు దూరడానికి ఎక్కువగా వాడినది అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పుట్టిన పలక. కందిబేడంత ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల చదరంలో వంద సిలికాన్ సూదులు, ఒక్కొక్కటి మిల్లీమీటరున్నర పొడవు. దాన్ని మెదడు పైపొరలో గుచ్చుతారు. తర్వాత తెర మీద ఒక చుక్కను కదిలిస్తూ, నీ చెయ్యే దాన్ని కదిలిస్తున్నట్టు ప్రయత్నించు అని రోగికి చెబుతారు. చుక్క కుడికి పోయినప్పుడు ఏ కణాలు మోగాయి, పైకి పోయినప్పుడు ఏవి మోగాయి అన్నది కంప్యూటర్ నేర్చుకుంటుంది. కాసేపటికి పాత్రలు మారతాయి. ఇప్పుడు కణాలు మోగిన తీరును బట్టి చుక్క కదులుతుంది. టీవీల్లో "మనసులో అనుకుంటే చాలు" అని చెబుతున్నారు గానీ అది సరైన మాట కాదు. ఊరికే అనుకోవడం కాదు, కదలని చేతిని కదిలించబోవడం. అప్పుల సంగతో, పక్కింటి గొడవో తలుచుకుంటే ఈ పలకకు ఏమీ వినపడదు.

2004లో అమెరికాలో మాథ్యూ నేగల్ అనే యువకుడికి ఈ పలక పెట్టారు. కత్తిపోటుతో మెడ కింద భాగమంతా చచ్చుబడిన మనిషి. బ్రెయిన్‌గేట్ పేరుతో జరిగిన ఆ ప్రయోగంలో అతను ఈ-మెయిల్ తెరిచాడు, టీవీ సౌండ్ పెంచాడు తగ్గించాడు. 2012లో అదే బృందంతో పనిచేసిన ఒక మహిళ మరచేతితో కాఫీ సీసా అందుకుని తనే తాగింది. అంతకు దాదాపు పదిహేనేళ్ల ముందు నుంచి ఇంకొకరు తాగిస్తే తప్ప ఆమె నోట్లో చుక్క పడింది లేదు. ఇలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ 2024 జనవరిలో నోలండ్ ఆర్బా అనే వ్యక్తికి చిప్ పెట్టినప్పుడు ప్రపంచం ఇదేదో కొత్తగా పుట్టినట్టు చూసింది గానీ, అప్పటికే ఇరవై ఏళ్ల పని దాని వెనక ఉంది. న్యూరాలింక్ తెచ్చిన కొత్తదనం వేరు. సూదులకు బదులు వెంట్రుక కంటే సన్నటి 64 పోగులు, వాటి మీద 1,024 ఎలక్ట్రోడ్లు, కుట్టడానికి రోబో, తల బయటికి తీగ లేకుండా బ్లూటూత్. ఆర్బా దానితో చదరంగం ఆడాడు. కొన్ని వారాలకే పోగుల్లో ఎక్కువ భాగం మెదడు నుంచి వెనక్కి జారిపోయాయి. మిగిలిన వాటితోనే నడిచేలా సాఫ్ట్‌వేర్ మార్చుకోవాల్సి వచ్చింది.

పుర్రె తెరవకుండా చేసే దారీ ఒకటుంది. సింక్రాన్ అనే కంపెనీది. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు మన ఊళ్లలో వీధికొకరు ఉన్నారు కాబట్టి దీన్ని వివరించడం తేలిక. మెడ దగ్గరి సిరలోంచి తీగ పంపి, మెదడు పైభాగాన ఉన్న పెద్ద సిరలో 16 ఎలక్ట్రోడ్లున్న స్టెంట్ విప్పుతారు. అది గోడ అవతలి నుంచి వింటుంది. ముప్పు తక్కువ, ఫలితమూ తక్కువే. ఫోన్‌లో ఒక బొమ్మను ఎంచుకుని నొక్కేంత పని అవుతుంది, చదరంగమంత చురుకుదనం రాదు.

ఈ వార్తలు చూసి మన దగ్గర ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. పక్షవాతానికి పనికొస్తుందా? మన పల్లెల్లో వెన్ను విరిగినవాళ్ల కంటే ఒక పక్క పడిపోయినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు కదా. జవాబు అంత సంతోషంగా ఉండదు. మామూలు పక్షవాతంలో మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయో చిట్లో, చెయ్యి కదిపే భాగమో అక్కడి నుంచి దిగే నరాల మొదళ్లో చచ్చిపోతాయి. తీగ కాదు, సబ్‌స్టేషనే కాలిపోయిందన్నమాట. కాలిన చోట చిప్ గుచ్చితే వినడానికి ఏమీ ఉండదు. గడ్డ కట్టి మూసుకుపోయిన రకానికి అసలు మందు నాలుగున్నర గంటల్లోపు ఇచ్చే ఇంజెక్షన్. ఆ నాలుగున్నర గంటలు ఆకుమందు ఇచ్చే ఊరికి బండి మాట్లాడుకోవడంలో పోతున్నంత కాలం చిప్‌ల గురించి మాట్లాడుకోవడం కొంచెం వింతగానే ఉంటుంది. పక్షవాతం వచ్చినవాళ్లకు తల తెరవకుండా చేసే ప్రయత్నాలు వేరే జరుగుతున్నాయి. ఐఐటీ కాన్పూర్ 2024లో ప్రకటించిన రోబో చెయ్యి అలాంటిది. తల మీద పెట్టిన ఎలక్ట్రోడ్లు రోగి పిడికిలి బిగించబోతున్నాడని పసిగడితే, చేతికి తొడిగిన యంత్రం వేళ్లను ముడుస్తుంది. అది శాశ్వతంగా వాడుకునేది కాదు, మెదడుకు మళ్లీ నేర్పే వ్యాయామం.

మెడ విరిగి మాట మిగిలిన మనిషి సంగతీ ఆలోచించాల్సిందే. అతనికి తల తెరిపించుకోవాల్సినంత అవసరం ఉందా? ఫోన్‌తో తెలుగులో మాట్లాడి ఫోన్ కలపమనవచ్చు, పాట పెట్టమనవచ్చు. కళ్ల కదలికను పట్టే కెమెరాతో తెర మీద అక్షరాలు ఎంచుకోవచ్చు. అదీ లేకపోతే అక్షరాలు రాసిన అట్ట ఒకటి పట్టుకుని, అతను రెప్ప వేసిన చోట ఆగే ఓపిక ఉన్న మనిషి ఉంటే చాలు. వీటన్నిటికంటే ఎంతో మెరుగైతే తప్ప చిప్‌కు అర్థం లేదు. అలా మెరుగయ్యే చోటు ఒకటి స్పష్టంగా ఉంది. మాట పోయినవాళ్లు. ఏఎల్‌ఎస్ లాంటి జబ్బులో నాలుక, గొంతు కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడతాయి, మెదడు మాత్రం మెలకువగా ఉంటుంది. మెదడు కాండంలో, అంటే మెదడును వెన్నుపాముకు కలిపే భాగంలో, స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరి స్థితీ అదే.

అక్కడికి వచ్చే ముందు, ఆపరేషన్ అయిపోయాక జరిగే కథ ఒకటి చెప్పుకోవాలి. ఎందుకంటే అది ఇప్పటికే అనంతపురం జిల్లాలో ఒకసారి జరిగింది, వేరే పరికరంతో.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. తర్వాత ఆ పథకం కింద పుట్టుచెవుడు పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు వేశారు. అది కూడా నరానికి తగిలించే ఎలక్ట్రోడ్లే. చిప్ మెదడు మాట వింటుంది, కాక్లియర్ చెవి నరానికి మాట చెబుతుంది, అంతే తేడా. లోపలి భాగం తల చర్మం కింద ఉంటుంది. బయట చెవి వెనక ఒక మెషిను, దాని నుంచి అయస్కాంతంతో అతుక్కునే బిళ్ల, మధ్యలో సన్నటి తీగ. ఆపరేషన్ ఒక పూటలో అయిపోతుంది. పిల్లకు మాట రావాలంటే మాత్రం అమ్మ నెలల తరబడి బస్సెక్కి థెరపీకి తీసుకెళ్లాలి. ఆడుకుంటూ తీగ తెంచుకుంటే కొత్త తీగ కొనాలి. చెమటకు, దుమ్ముకు మెషిను చెడితే, గ్యారంటీ దాటాక కొత్తదానికి లక్షలు కావాలి. కొనలేని ఇంట్లో ఆ పరికరం తలలో ఉంటుంది, పిల్ల మళ్లీ నిశ్శబ్దంలోకి పోతుంది. ఆపరేషన్ ఉచితంగా చేయించిన ఏ పథకమైనా మొదట తడబడేది ఇక్కడే.

మెదడు చిప్ దగ్గర ఈ బాధ రెట్టింపు. మెదడు కూర్చున్నచోట కూర్చోదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా కాస్త కదులుతుంది. గుచ్చిన సూది చుట్టూ మచ్చలాంటి కణజాలం పేరుకుంటుంది. నిన్న మోగిన కణం ఇవాళ వినపడదు, కొత్త కణం వినపడుతుంది. అందుకే కంప్యూటర్‌కు మళ్లీ మళ్లీ నేర్పాలి. ప్రయోగాల్లో ఆ పనికి ఇంజినీర్లు రోగి ఇంటికే వెళ్తారు. ఆళ్లగడ్డకో రాయదుర్గానికో ఎవరు వెళ్తారు? కర్నూలు నుంచి హైదరాబాదుకైనా, అనంతపురం నుంచి బెంగళూరు నిమ్హాన్స్‌కైనా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. చేతులు కాళ్లు ఆడని మనిషిని కారులో పడుకోబెట్టి అంతదూరం తీసుకుపోవడమంటే ఏమిటో చేసినవాళ్లకే తెలుసు. ఇంకో సంగతి, యూటా పలక నుంచి తీగ చర్మం చీల్చుకుని బయటికి వస్తుంది. బ్రెయిన్‌గేట్ తన 14 మంది రోగుల లెక్క 2023లో ప్రచురించింది. మొత్తం 12,203 రోజులు పలక తలలో ఉంటే, దానివల్ల ఎవరూ చనిపోలేదు, మెదడుకు ఇన్‌ఫెక్షన్ పట్టలేదు. ఎక్కువగా వచ్చిన ఇబ్బంది ఆ తీగ బయటికొచ్చే చోట చర్మం కందడం. నమ్మకం కలిగించే లెక్కే. కాకపోతే అది ప్రయోగ బృందం తరచూ వచ్చి చూసే ఇళ్లలో తీసిన లెక్క.

కంపెనీ మూతపడితే ఏమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న. చూపు పోయినవాళ్ల కంటిపొరకు చిప్ అమర్చిన సెకండ్ సైట్ అనే అమెరికా కంపెనీ 350 మందికి పైగా రోగులకు ఆ పరికరం అమర్చి, 2020 నాటికి దాన్ని వదిలేసింది. బాగుచేసేవాళ్లు లేరు, విడిభాగాలు లేవు. కంట్లో పరికరం ఉండగానే మళ్లీ చీకట్లోకి వెళ్లినవాళ్లున్నారు. ట్రాక్టర్ కంపెనీ మూతపడితే రైతు ఇంకో కంపెనీ ట్రాక్టర్ కొంటాడు. తలలో ఉన్నది మార్చాలంటే మళ్లీ తల తెరవాలి.

ఇప్పుడు మన దగ్గర మంచాన పడ్డ మనిషి చుట్టూ నడుస్తున్న ఆర్థికం చాలా చిన్నది. సదరం సర్టిఫికెట్ ఉండి, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 15,000 రూపాయల పింఛను వస్తోంది. మందులు, డైపర్లు, మూత్రపు గొట్టాలు, కూలికి పోకుండా ఇంట్లో ఉండిపోయిన భార్య, అన్నీ అందులోంచే. పక్కకు తిప్పి పడుకోబెట్టడంలో రెండు రోజులు అలక్ష్యం జరిగితే పుండు పడుతుంది, ఆ పుండుతోనే ప్రాణం పోతుంది. గాలి పరుపు ముందు, చిప్ తర్వాత అని ఆ ఇంట్లోవాళ్లు అంటే తప్పు పట్టలేం.

ఆలోచనలు దొంగిలిస్తారేమోనన్న భయం ఎక్కువమంది మాట్లాడేది గానీ, ప్రస్తుతానికి అది కాస్త దూరంలోనే ఉంది. పూర్తిగా లేదని కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో, పెదవులు కదపబోకుండా మనసులో చెప్పుకునే మాటలను కూడా కొంతవరకు పట్టగలమని చూపించారు. దానితోపాటే ఒక తాళమూ వేశారు. రోగి మనసులో ఒక గుర్తు మాట అనుకుంటే తప్ప యంత్రం వినడం మొదలుపెట్టదు. చిలీ 2021లోనే రాజ్యాంగం సవరించి మెదడు సమాచారానికి రక్షణ పెట్టింది. మన 2023 డేటా రక్షణ చట్టంలో మెదడు సంకేతాలకంటూ వేరే పేరు లేదు. ఫోన్ నంబరు ఎంతో అదీ అంతే.

ఇక మాట. 2021లో స్టాన్‌ఫర్డ్ బృందం ఒక రోగిని, చేత్తో కాగితం మీద రాస్తున్నట్టు ప్రయత్నించమంది. నిమిషానికి 90 అక్షరాలు తెర మీదికి వచ్చాయి. అందులో తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉంది. చుక్కను తిన్నగా అటూ ఇటూ జరిపి అక్షరాన్ని ఎంచుకోవడం కంటే, వంపులు తిరిగే అక్షరం రాయడంలోనే మెదడు సంకేతాలు ఒకదానికొకటి ఎక్కువ తేడాగా ఉంటాయట. ఆ లెక్కన మన గుండ్రటి లిపికి కలిసిరావాలి. కానీ ప, ఫ, ష ఒకే వంపుతో మొదలై చివర్లో చిన్న గీతతో వేరవుతాయి. "స్త్రీ" అని రాయాలంటే ఒక అక్షరం కింద రెండు వత్తులు, పైన గుడి దీర్ఘం. ఇంగ్లీషు ఇరవై ఆరు అక్షరాలకు నేర్పిన యంత్రానికి మన గుణింతం నేర్పడం కొత్తగా మొదలుపెట్టాల్సిన పని.

2023లో మాట నేరుగా రావడం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం, పద్ధెనిమిదేళ్ల కింద మెదడు కాండంలో స్ట్రోక్‌తో గొంతు పోయిన ఒక మహిళ చేత మెదడు మీద పరిచిన 253 ఎలక్ట్రోడ్ల ద్వారా నిమిషానికి 78 పదాలు పలికించింది. మామూలు మాటలో సగం వేగం. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అదే ఏడాది ఏఎల్‌ఎస్ ఉన్న కేసీ హారెల్ అనే వ్యక్తికి 256 ఎలక్ట్రోడ్లు అమర్చి, మరుసటి ఏడాది ఫలితాలు ప్రచురించింది. మొదటి రోజు అరగంట శిక్షణతో 50 పదాల్లో 99.6 శాతం సరిగ్గా వచ్చాయి. తర్వాత 1,25,000 పదాల పరిధిలో 97 శాతం దాకా నిలబడింది.

ఆ 1,25,000 దగ్గరే తెలుగు ఆగుతుంది. యంత్రం ముందు ధ్వనులను పట్టి, ఆ ధ్వనుల నుంచి తన జాబితాలోని పదాలను ఊహిస్తుంది. ఇంగ్లీషుకు ఆ జాబితా సరిపోతుంది. తెలుగులో ఒక్క "చెయ్యి" నుంచి చేస్తాను, చేయకపోయినా, చేయలేకపోయినందుకా, చేయించుకోవాల్సొచ్చింది అని ఎన్ని రూపాలు పుడతాయో లెక్కపెట్టడం వృథా. జాబితా కాకుండా ముక్కలను అతికించుకునే పద్ధతి కావాలి. ధ్వనుల దగ్గర కొంత ఆశ ఉంది. త, ట పలకడానికి నాలుక వేర్వేరు చోట్ల ఆనుతుంది కాబట్టి మెదడు ఆజ్ఞలూ వేరుగానే ఉండాలి. కానీ "పలు", "పాలు" మధ్య తేడా కేవలం సాగదీయడంలోనే ఉంది. అసలే నిదానంగా ప్రయత్నించే మనిషి దగ్గర హ్రస్వమేదో దీర్ఘమేదో పోల్చుకోవడం కష్టమని ఊహించవచ్చు.

అందులోనూ ఏ తెలుగు? వార్తాపత్రికల తెలుగు మీద తయారైన యంత్రం ఆదోని మనిషి నోట "వస్తున్నాను" అని పలికిస్తుంది. అతను జీవితంలో ఎప్పుడూ ఆ మాట అనలేదు, "వస్తాండా" అన్నాడు. అతను "చేసినా" అంటే పని చేశానని అర్థం. కోస్తా తెలుగు నేర్చిన యంత్రం దాన్ని "చేసినప్పటికీ" అనుకుని తర్వాతి మాట కోసం ఎదురుచూస్తుంది. కర్నూలు, కడపల్లో చాలా ఇళ్లలో ఉర్దూ, మడకశిర వైపు కన్నడం. రెండు భాషలు ఒకే మెదడు నుంచి పట్టవచ్చని 2024లో స్పానిష్, ఇంగ్లీషు మాట్లాడే రోగితో శాన్‌ఫ్రాన్సిస్కో బృందమే చూపించింది. అయితే అది అడిగితే చేసే పని. ఇక్కడి మాట కావాలని ఇక్కడివాళ్లు అడగాలి. రేపు ఏ ఆసుపత్రో మొదటి తెలుగు రోగిని ఎంచుకునేటప్పుడు, ఆ జట్టులో డాక్టరు, ఇంజినీరుతోపాటు యాస తెలిసిన మనిషి కూడా ఉండాలి.

హారెల్ విషయంలో ఇంకో పని చేశారు. జబ్బు రాకముందు అతని గొంతు రికార్డింగులు ఉంటే, వాటితో యంత్రానికి అతని గొంతే పెట్టారు. దీనికి చిప్ అక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు. ఏఎల్‌ఎస్ అని తేలిన రోజున గొంతు ఇంకా ఉంటుంది, ఆరు నెలల తర్వాత ఉండకపోవచ్చు. ఆ మనిషి వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు పిల్లల ఫోన్లలో పడి ఉంటాయి. బెంగళూరు హాస్టల్లో ఉన్న కూతురికి రాత్రిపూట పంపిన "యాడున్నావు పాపా, అన్నం తిన్న్యావా" అన్న ఐదు సెకన్ల ముక్కలు. ఫోన్ నిండిపోయిందని వాటిని తుడిచేయకుండా ఒక చోట దాచిపెట్టుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో ఇవాళే, ఖర్చు లేకుండా, ఎమ్మిగనూరులోనైనా చేయగలిగిన పని.